మూడో అంతస్తులో నాలుగు ఆదివారాల పాత సంగీతం క్లాసు: ఒక మైక్ సెట్ వాడి రివ్యూ

ముందే చెప్పేస్తా, నాకు సంగీతం రాదు. నేను మైక్ సెట్ వాణ్ని. 22 ఏళ్ళుగా తిరుపతిలో పెళ్ళిళ్ళకీ, భజనలకీ, వినాయక చవితి పందిళ్ళకీ, గంగమ్మ జాతరకీ బాక్సులు కట్టి, వైర్లు లాగి, అర్ధరాత్రి అన్నీ ఇప్పుకోని ఇంటికొచ్చే బతుకు. ఈ క్లాసుకి డబ్బులు కట్టింది మా పాప. డిగ్రీ రెండో సంవత్సరం, హిస్టరీ. కట్టిన మర్నాడే సెమిస్టర్ పరీక్షల టైం టేబుల్ వచ్చింది, వీళ్ళేమో రిఫండ్ లేదన్నారు, "1,200 ఊరికే పోతాయి నాన్నా, నువ్వన్నా పోయి కూచో, నోట్సు రాసుకోని రా" అనింది. మూఢం నడస్తా ఉండాది, ముహూర్తాలు లేవు, సామాన్లన్నీ గోడౌన్లో నిద్రపోతా ఉండాయి, సరే అని పోయినా. సంగీతం తెలిసినోళ్ళు రాసే రివ్యూ కావాలంటే వేరే యాడన్నా చూసుకోండి, ఇది చెవులుండేవాడు రాసింది.

పేరు రాయను. తిట్టే విషయాలు కూడా ఉండాయి, పాపం నడిపే సార్ మంచి మనిషి, రిటైరైన తర్వాత పెన్షన్ డబ్బులతో నడపతా ఉండాడు. కె.టి. రోడ్డు నించి లోపలికి పోతే మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, మోకాళ్ళ నొప్పులుండే పెద్దోళ్ళు ముందే ఆలోచించుకోండి. కరపత్రం మీద "ప్రాచీన నాగరికతల్లో సంగీతం: ఆధ్యాత్మిక, సామాజిక ప్రభావం" అని ఉండాది. ఆ "సామాజిక" అనే మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తా. ఆదివారం సాయంత్రం 4 నించి 6:30, మధ్యలో టీ, రెండు మసాలా వడలు. వడ నిజంగా బాగుండాది, యాడ తెప్పిస్తారో అడిగితే చెప్పలే.

హాలు మాత్రం ఘోరం. కింద టైల్స్, మూడు పక్కలా అద్దాలు, ఒక్క కర్టెన్ లేదు. చప్పట్లు కొడితే అవి గోడలకి తగిలి తిరిగొచ్చి మనల్నే కొడతాయి. సంగీతం గురించి క్లాసు పెట్టేవాడు ముందు చూడాల్సింది హాలు కదా! పైన రెండు ఫ్యాన్లు, ఒకటి టకటక అంటా తాళం వేస్తా ఉంటుంది, అది ఏ నాగరికతదో నాకు తెలీదు.

మొదటి వారం ఊర్. మన ఊరు కాదు, ఇరాక్‌లో ఊర్ అని ఒక ఊరు, సుమేరియన్లది, ఇప్పటికి దాదాపు 4,500 ఏళ్ళ కిందటి ముచ్చట. 1920ల్లో లియొనార్డ్ వూలీ అనే ఆయన అక్కడ రాజుల శ్మశానం తవ్వితే బంగారు ఎద్దు తలకాయ, నీలంరాయి గడ్డం పెట్టిన తంత్రీ వాద్యాలు బయటపడినాయి. లైర్ అంటారంట. కింద ఒక పెట్టె, దాంట్లోంచి రెండు కొమ్ములు పైకి లేస్తాయి, పైన అడ్డంగా ఒక కర్ర, దానికి తీగలు, అంతే. అన్ని వేల ఏళ్ళకి చెక్క ఏం మిగల్తుంది, పుచ్చి మట్టిలో బొక్క మాత్రం మిగిలింది, ఈయన ఏం చేసినాడంటే ఆ బొక్కలో ప్లాస్టర్ పోసినాడు, అది గట్టిపడినాక చుట్టూ మట్టి తీస్తే వాద్యం ఆకారం అట్లే వచ్చేసింది. ఇది వినంగానే నేను కుర్చీలో ముందుకి జరిగినా. అంటే లేని చెక్కకి ఉండే చెక్క ఆకారం తెప్పించినాడు. ఏం బుర్ర సామీ!

ఒక లైర్ పెట్టె ముందర చిప్ప ముక్కలతో బొమ్మలు చేసినారు, సార్ దాన్ని టీవీలో పెద్దగా చేసి చూపించినారు. గాడిద లైర్ వాయిస్తా ఉంటుంది, ఎలుగుబంటి అది పడిపోకుండా పట్టుకోని ఉంటుంది, కింద ఒక చిన్న జంతువు గిలక ఊపతా ఉంటుంది. నాకు నవ్వు ఆగలే. మా బ్యాచ్ ఇదే గదా! వాయించేవాడు ఒకడు, స్టాండు పట్టుకునేవాడు ఒకడు, ఊరికే ఊగేవాడు ఒకడు.

ఆ తర్వాత చెప్పిన దానికి నవ్వు పోయింది. అదే శ్మశానంలో ఒక పెద్ద గుంతలో 74 మంది శవాలు, అందులో 68 మంది ఆడోళ్ళు, తలకి బంగారు ఆకులు, నగలు, వరసగా పడుకోబెట్టి, వాళ్ళ పక్కనే వాద్యాలు. పెద్దాయనో పెద్దామో పోతే కూడా పంపించిన మేళం అన్నమాట. వూలీ వాళ్ళు ఇష్టంగానే విషం తాగి పడుకున్నారనుకున్నాడు, చానా ఏళ్ళ తర్వాత రెండు పుర్రెలకి స్కాన్ తీసి చూస్తే మొద్దుదాంతో తల మీద కొట్టిన గుర్తులు కనిపించినాయంట. ప్రోగ్రాం అయినాక బాలన్స్ ఇవ్వకుండా ఫోన్ స్విచాఫ్ చేసే పార్టీలని నేను చూసినా, వాళ్ళనే రాక్షసులనుకుంటా ఉంటి. సార్ ఇక్కడ "సంగీతం మరణానంతర లోకానికి వారధి" అని ఒక మాటతో దాటేసినారు. నాకు అది నచ్చలే. వారధే సార్, కానీ ఎవురి నడుం మింద కట్టినారు ఆ వారధి? అప్పుడు అడగలే, కొత్తోణ్ని కదా.

ఎన్‌హెడువాన్నా అని ఒకామె గురించి కూడా చెప్పినారు, అక్కద్ రాజు సార్గోన్ కూతురు, అదే ఊర్‌లో చంద్రుడి గుడికి ప్రధాన పూజారిణి, ఇప్పటికి 4,300 ఏళ్ళ కిందట. పేరు తెలిసిన మొట్టమొదటి కవి ప్రపంచంలో ఈమే అంటారు, రాసినవన్నీ దేవుళ్ళ మీద స్తోత్రాలు. తిరుపతిలో అన్నమయ్య రాగిరేకుల గురించి చిన్నప్పట్నించీ వింటా ఉండే మనకి ఇది కొత్తగా అనిపించదు, దేవుడి మీద పాట రాసి అది చెడిపోకుండా దేంట్లోనో చెక్కి దాచుకోవడం. వాళ్ళు మట్టి పలకల్లో దాచినారు, మనోళ్ళు రాగి మింద.

మట్టి పలక అంటే గుర్తొచ్చింది. సిరియాలో ఉగారిట్ అనే చోట దొరికిన పలక ఒకటి, క్రీస్తు పూర్వం 1400 కాలంది, నిక్కల్ అనే దేవత మీద పాట. పైన సాహిత్యం, మధ్యలో రెండు గీతలు, కింద ఏ తీగలు మీటాలో వివరం. ఇంచుమించు పూర్తిగా దొరికిన పాటల్లో స్వరం కూడా రాసిపెట్టిన పాతది ఇదేనంట. దాన్ని చదివే పద్ధతి మీద పండితులకి ఒకరితో ఒకరికి పడదు, అందుకే ఒక్కొక్కరు వాయిస్తే ఒక్కొక్క రకంగా ఉంటుంది అని సార్ నిజాయితీగా చెప్పినారు, మంచిదే. కానీ వినిపించింది దేంట్లో? అరచేతిలో పట్టే బ్లూటూత్ డబ్బాలో! ఆ అద్దాల రూములో ఆ డబ్బా కీచుమంటా ఉంటే 3,400 ఏళ్ళ పాట దోమ చెవి దగ్గర తిరిగినట్టు వినపడింది. నాకు కడుపు తరుక్కుపోయింది. అయిపోయినాక సార్ దగ్గరికి పోయి "సార్, ఏమీ అనుకోకండి, వచ్చే వారం నా బాక్సు తెస్తా, అద్దె వద్దు" అన్నా. ఆ మాట అన్నందుకు మూడు వారాలు మూడంతస్తులు మోసినా.

రెండో వారం 12 అంగుళాల బాక్సు ఒకటి, చిన్న మిక్సర్, వెనక గోడకి ఇంట్లో నించి తెచ్చిన రెండు జంపఖానాలు. జంపఖానాలు కట్టంగానే హాలు సగం బాగుపడింది, జనం "అన్నా ఏసీ వేసినారా" అనడిగినారు. ఈజిప్ట్ క్లాసు. టుటన్‌ఖామున్ అనే రాజు సమాధి 1922లో దొరికింది కదా, దాంట్లో రెండు బూరలు, ఒకటి వెండిది, ఒకటి రాగి రకంది. రేకు పల్చన, నొక్కుకుపోకుండా లోపల అచ్చుగా కొయ్య దూర్చి పెట్టినారు. 1939లో వాటిని ఊది బీబీసీ రేడియోలో ప్రసారం చేసినారు, ఆ రికార్డింగ్ ఉండాది. సార్ ఫోన్ నించి వైరు నా మిక్సర్‌కి ఇచ్చి, పైన గరగర కొంచెం తగ్గించి, నడిమి భాగం ఎత్తి, వదిలినా.

రూములో ఒక్కరు కదల్లే. గొప్ప సంగీతం ఏం కాదు, మూడు నాలుగు స్వరాలు, మిలిటరీ వాళ్ళు లేవండి పరిగెత్తండి అని ఊదే రకం. కానీ 3,000 ఏళ్ళకి పైగా మూసిపెట్టిన గొంతు అది. నా బాక్సులోంచి చానా పాటలు పోయినాయి, చానా మంది నాయకులు అరిచినారు, దీనికి మాత్రం వెంట్రుకలు నిక్కబొడిచినాయి.

సార్ ఒక గిలక కూడా తయారు చేసి తెచ్చినారు, సిస్ట్రమ్ అంటారంట, హాథోర్ అనే దేవతకి ఊపేది. జామకొమ్మ పంగలో సైకిల్ చువ్వలు దూర్చి, చువ్వలకి సోడా మూతలు గుచ్చినారు. గుళ్ళల్లో ఇది ఊపడానికి ఆడోళ్ళు ఉండేవాళ్ళంట, అమున్ అనే దేవుడి గుడిలో పాడే ఆమె అని బిరుదు కూడా ఉండేదంట, పెద్దింటి ఆడోళ్ళు ఆ బిరుదు సమాధుల మీద రాయించుకునేవాళ్ళంట. నా పక్కన కూచున్న పెద్దామె దాన్ని తీసుకోని ఊపి, "మా ఊరి హరిదాసు చిడతలే బాగుంటాయి" అని నా చేతికిచ్చేసింది.

ఈ క్లాసులన్నిట్లో నా పైసలు వసూలైంది గ్రీకుల దగ్గర. పైథాగరస్ పేరు లెక్కల మాస్టారు చేతిలో దెబ్బలు తిన్నప్పుడు విన్నా, సంగీతంలో కూడా ఆయన పేరు ఉంటుందని తెలీదు. సార్ ఒక పలక చెక్క మీద రెండు మేకులు కొట్టి ఒక్క తీగ బిగించినారు, మేకు నించి మేకుకి 60 సెంటీమీటర్లు, కింద స్కేలు గీసుకున్నారు. తీగ మొత్తం మీటితే సా. సరిగ్గా 30 దగ్గర చిన్న కొయ్య ముక్క పెట్టి మీటితే పై సా. 40 దగ్గర పెట్టి ఆ 40 భాగం మీటితే పా. 45 అయితే మా. నేను నమ్మలే, ఫోన్లో మేము సౌండ్ చెక్‌కి వాడే యాప్ తీసి పెట్టినా. మొత్తం తీగ 180 హెర్ట్జ్, సగం 360, పా 270, మా 240, ఒకటి రెండు అటూ ఇటూ అంతే. సార్‌కి నా ఫోన్ చూపిస్తే ఆయన చిన్నపిల్లోడి మాదిరి సంబరపడిపోయి అందరికీ తిప్పి చూపించినారు. 22 ఏళ్ళుగా ఈక్వలైజర్ గుబ్బలు తిప్పతా ఉండా, ఆ అంకెల లోపల ఇంత సాదా లెక్క ఉండాదని ఎవురూ చెప్పలే. ఆ గ్రీకులకి దీంతోనే పిచ్చెక్కింది, చెవికి ఇంపైంది అంకెల్లో కూడా ఇంపుగానే ఉంటే ఆకాశంలో గ్రహాలు కూడా ఇదే లెక్కలో తిరగతా ఉంటాయని.

ప్లేటో అనే గ్రీకు పండితుడు మాత్రం నాకు మా స్టేషన్ ఎస్సై మాదిరి కనిపించినాడు. మంచి రాజ్యం ఎట్లుండాలో రాస్తా ఏడుపు రాగాలు వద్దు, తాగి తూగే రాగాలు వద్దు, డోరియన్, ఫ్రిజియన్ అనే రెండు మేళాలుంటే చాలు, చానా తీగలుండే వాద్యాలు వద్దు, ఔలోస్ అనే రెండు గొట్టాల ఊదే వాద్యం అసలొద్దు అన్నాడు. రాగం మారితే రాజ్యం చట్టాలు కూడా కదుల్తాయని భయం. మాకు రాత్రి 10 నించి పొద్దున 6 దాకా మైకు బంద్, ఆ రూలు తోనే చస్తా ఉండాం, ఈయన రాజ్యంలో అయితే రాగానికి కూడా పర్మిషన్ లెటర్ పెట్టాల. కానీ ఒక్కటి ఒప్పుకోవాల, సంగీతం జనాన్ని ఏం చేస్తుందో ఆయనకి బాగా తెలుసు. తెలియనోడు భయపడడు.

మూడో వారం సగం మంచి, సగం దండగ. మంచి సగం చైనా. 1978లో హుబేలో ఒక చిన్న రాజు సమాధి తవ్వితే 65 కంచు గంటలు, మూడు వరసల్లో చెక్క చట్రానికి వేలాడదీసినవి అట్లే నిలబడి ఉండాయంట, క్రీస్తు పూర్వం 433 ప్రాంతంవి. పెద్దది 200 కిలోల పైనే. విచిత్రం ఏందంటే గంట గుండ్రంగా ఉండదు, బాదంకాయ మాదిరి నొక్కినట్టుంటుంది, అందుకే ఒక్క గంటకి రెండు స్వరాలు, నడి మధ్యలో కొడితే ఒకటి, పక్కన కొడితే ఇంకొకటి. మన గుళ్ళో గంట యాడ కొట్టినా ఒకటే మోత, మోగతానే ఉంటుంది. ఇది త్వరగా ఆగిపోతుంది, ఆగుతుంది కాబట్టే పాట వాయించొచ్చు. గంటని వాద్యం చేసినోళ్ళు వాళ్ళు! రాజు దగ్గర ఎన్ని గంటలుండాలో కూడా హోదాని బట్టే అంట. కన్ఫ్యూషియస్ అనే వాళ్ళ పాత పండితుడు ఒక పాత సంగీతం విని మూడు నెలలు మాంసం రుచి తెలీకుండా తిరిగినాడని రాసుకున్నారు. ఆ గంటల రాజు సమాధిలో కూడా 21 మంది ఆడపిల్లలు. మళ్ళీ అదే లెక్క. ఈసారి నోట్సులో గీత గీసినా.

దండగ సగం మన దేశం. అదేంది మన దేశం దండగా అంటారేమో, వినండి. ఆ రోజు సార్‌కి గొంతు బాగలేక గెస్టుని పిలిచినారు. ఆ గెస్టు గంటసేపు మాట్లాడినాడు, ప్రపంచంలో సంగీతమంతా మన దగ్గర్నించే పోయింది, ఓంకారాన్ని విదేశీ సైంటిస్టులు ఒప్పుకున్నారు, ఇట్లా వాట్సాప్‌లో పొద్దున్నే వచ్చేవన్నీ వరసగా. సామవేదం గురించి ఒక్క ముక్క సరిగ్గా చెప్పలే. ఎచ్చులు చెప్పాల్సిన పనేముంది, ఉండేది చెప్తే చాలదా? టీ టైంలో సార్ గొంతు లేకపోయినా మెల్లగా మా నలుగురికి చెప్పిన ఐదు నిమిషాలు దానికంటే మేలు: సామవేదంలో మంత్రాలు దాదాపు అన్నీ ఋగ్వేదంలోవే, మాట అదే, పాడే తీరు వేరు, ఆ తీరు కోసమే దాన్ని ఇంకో వేదంగా దాచిపెట్టినారు, కాగితం లేకుండా గురువు నోట్లోంచి శిష్యుడి చెవిలోకి వేల ఏళ్ళు. నాట్యశాస్త్రంలో వాద్యాలన్నిటినీ నాలుగు రకాలు చేసినారు, తీగవి తతం, ఊదేవి సుషిరం, చర్మం బిగించినవి అవనద్ధం, గట్టివి ఘనం. నా గోడౌన్లో సామాన్లు కూడా ఇంత నీట్‌గా సర్దుకోలే నేను. అమరావతి శిల్పాల్లో వీణ ఇప్పటి వీణ మాదిరి ఉండదు, విల్లు మాదిరి వంగి ఉంటుంది, సముద్రగుప్తుడు బంగారు నాణెం మీద అట్లాంటి వీణనే ఒళ్ళో పెట్టుకోని కూచోని ఉంటాడు. రాజు చేతిలో కత్తి బదులు వీణ వేయించుకున్నాడంటే అది కూడా ఒక ప్రచారమే గదా అనిపించింది నాకు, ఫ్లెక్సీలు లేని కాలం.

నాలుగో వారం శంఖం. ఇది ఒక్కటి మీరు మిస్ కాకూడదు. పెరూ దేశంలో ఆండీస్ కొండల్లో 3,000 మీటర్లకి పైన చావిన్ అనే పాత గుడి, దాని కింద రాతి సొరంగాలు. 2001లో అక్కడ 20 శంఖాలు ఒక్కచోట దొరికినాయి, వాడి వాడి అరిగి, చెక్కడాలు చేసి. సముద్రం యాడ, ఆ కొండ యాడ! అంత దూరం మోసుకోని పోయినారంటే అది ఊరికే బొమ్మ కాదు. చీకట్లో సొరంగంలో భక్తుణ్ని నిలబెట్టి ఊదితే ఆ మోత యాణ్నించి వస్తా ఉందో తెలీదు, దేవుడే పలికినట్టుంటుంది అని సార్ చెప్తా చెప్తా ఆగి, "మాటల్తో లాభం లేదు, రండి" అని అందర్నీ బయటికి తీసుకోని పోయి మెట్ల మీద నిలబెట్టినారు. ఫ్యాన్లు ఆపించినారు, మెట్ల లైటు ఆపించినారు. ఆయన కిందికి పోయినారు. ఏ అంతస్తులో ఉన్నారో తెలీదు.

ఊదినారు. గోడ పట్టుకోని ఉండినా, అరచేతికి తెలిసింది మోత. పైన్నించి వస్తా ఉందా కింద్నించా చెప్పలేను, నేను, సౌండు మనిషిని, చెప్పలేకపోయినా. నా దగ్గర లక్షన్నర సామాను ఉండాది, ఆ ఎఫెక్ట్ రాదు. కింద ఇంటి వాళ్ళ కుక్క మాత్రం అరిచి అరిచి చంపింది.

లైటు వేసినాక ప్రశ్నలు అడగండి అన్నారు. నేను అడిగేసినా. "సార్, నాలుగు వారాలు వీణలు, గంటలు, శంఖాలు చెప్పినారు, పలక, అదే మన తోలు డప్పు, దాని గురించి ఒక్క మాట చెప్పలే. గంగమ్మ జాతరకి నేను ప్రతి సంవత్సరం పోతా, నా బాక్సులు ఎంత మోగినా ఎవురికీ పూనకం రాదు, పలక మోత పడినాకే వస్తుంది. మా పలకలోళ్ళు చలిమంట వేసుకోని చర్మం కాచుకోని, వేలితో తట్టి చూసుకోని, ఇంకా కొంచెం కాచి, అప్పుడు మొదలుపెడ్తారు. పిలవంగానే అమ్మోరు లేస్తాది. అదే మనిషి మర్నాడు టీ అంగట్లో యాడ కూచుంటాడో, ఒకప్పుడు ఏ గ్లాసులో తాగినాడో మీకు తెలుసు, నాకూ తెలుసు. సామాజికం అంటే ఇది కాదా సార్? ఊర్‌లో గుంతలో పడుకోబెట్టినోళ్ళు, చైనా రాజు సమాధిలో ఆడపిల్లలు, వీళ్ళు లేకుంటే దేవుడూ లేడు, రాజూ లేడు, కానీ వాళ్ళ పేరు యాడా రాయలే."

ఇంత పొడుగు మాట్లాడతానని నేనే అనుకోలే. సార్ కొంచెంసేపు కిందికి చూసి, "నా దగ్గర దానికి స్లైడ్ లేదయ్యా" అన్నారు. తర్వాత చెప్పినారు, మెసపొటేమియాలో కూడా చేత్తో పట్టుకునే గుండ్రటి డప్పుతో ఆడోళ్ళ మట్టి బొమ్మలు చానా దొరికినాయి, ఈజిప్ట్ సమాధుల బొమ్మల్లో గుడ్డి వీణాగాళ్ళు కనిపిస్తారు, ఆ దోవలో పోయుంటే క్లాసు ఇంకోలా ఉండేది అని. తప్పు ఒప్పుకునే మాస్టార్ని చూసి చానా ఏళ్ళయింది. సగం స్టారు అక్కడ పెరిగింది.

మొత్తానికి 5కి 3.5. సార్‌కి నాలుగున్నర, హాలుకి ఒకటి, గెస్టుకి వడ మిగిల్చినందుకు అర. సర్టిఫికెట్లో మా పాప పేరులో అక్షరం తప్పు పడింది, మళ్ళీ ఇస్తామన్నారు, ఇంకా ఇయ్యలే. జిరాక్స్ నోట్సులో బొమ్మలు నల్లగా పడినాయి, ఎద్దు తలకాయ బొగ్గు మూట మాదిరి ఉండాది. పోయేవాళ్ళు ముందు వరసలో కూచోండి, స్వెటర్ అక్కర్లేదు, కింద బండి పెట్టుకునే చోటు లేదు.

తర్వాతి బ్యాచ్‌లో అయిదో ఆదివారం కలిపి పలక మీద పెడతామని సార్ ఫోన్ చేసినారు, వాయించేవాళ్ళని నువ్వే పిల్చుకోని రావాలన్నారు. మా జాతర బ్యాచ్‌లో పెద్దాయన దగ్గరికి పోయి ఈ ఊర్ కథ, గంటల కథ అంతా చెప్పినా. ఆయన బీడీ అయిపోయేదాకా విని, "సరే గానీ ఎంతిస్తారంట?" అన్నాడు. శాలువా కప్పి సన్మానం చేస్తారంట అన్నా. "శాలువాలు ఇంట్లో ఏడుండాయిరా, మా కోడలు కిటికీలకి కట్టింది" అన్నాడు. సార్‌కి మళ్ళీ ఫోన్ చేసినా. మనిషికి 1,500, రానూ పోనూ ఆటో, వడలు ఎగస్ట్రా, దానికి ఒప్పుకున్నారు. నా బాక్సుకి కూడా ఈసారి అద్దె రాయించుకున్నా.